మొక్కుకోడి పెత్తనం

మేముండే ఒంటిగదుల చాల్ డాబా మీద మూడు పెట్టలు ఉండేవి. పెత్తనమంతా మా అత్తమ్మ ఎర్రపెట్టదే. అది ఒక్క అరుపు అరిస్తే కింద ఫోరస్ రోడ్డు మీద టాక్సీలు ఆగేవంటే మీరు నమ్మరు. నమ్మకండి, ఆగింది ఒక్కటే. పిల్లులైతే పక్కపేట నాగ్‌పాడాకు కాపురం మార్చేశాయి.

పాలమూరు నుంచి మా అమ్మ పంపిన నల్లపెట్టను ఆ గుంపులో వదిలాక ఎర్రదానికి చేతినిండా పని దొరికింది. నూకల దగ్గరికొస్తే పొడుపు, నీళ్ల దగ్గరికొస్తే పొడుపు. వారం తిరిగేసరికి నల్లదాని వీపు మీద ఈకలు పోయి నెత్తురు తేలింది. నెత్తురు కనబడితే కోళ్లు ఊరుకోవు, మిగతా రెండూ అందుకున్నాయి. పసుపు మెత్తి ఎరుపు దాచాను. ఇలాగే సాగితే అది బతకదని తెలుస్తూనే ఉంది.

అత్తమ్మకూ కోపమొచ్చి, ఆ కోపంలో ఎర్రదాన్ని మైసమ్మకు మొక్కేసింది. "ఆషాఢంల అమ్మకే ఇచ్చేస్త నిన్ను, పీడ పోతది" అంది. పీడ పోలేదు, పెరిగింది. మొక్కిన కోడిని కొట్టకూడదు, తిట్టకూడదు, ఆషాఢం దాకా కోయకూడదు. ఆ సంగతి ఎర్రదానికి ఎవరు చెప్పారో గానీ, మర్నాటి నుంచి నా కాళ్లనూ పొడిచేది.

కొన్నాళ్లు మిగతావాటి కంటబడకుండా విడిగా ఉంచితే దాని పెత్తనం దిగుతుందని మా అమ్మ ఫోన్‌లో చెప్పింది. గంప తెచ్చాను. అత్తమ్మ అడ్డం నిలబడింది.

"అమ్మవారి కోడిని గంపల మూస్తవా? కండ్లు పోతయే."

"మూసుడు గాదత్తమ్మా. అమ్మవారి కోడి గీ మామూలు కోళ్లతోని ఒక్క గిన్నెల తింటదా? ఎంగిలైతది గదా."

అత్తమ్మ గంపను పక్కకు నెట్టింది. "గిన్ని రోజులు ఎందుకు చెప్పలేదే, పాగల్" అని తనే దాన్ని చంకన పెట్టుకుని కింద మా గదికి దిగింది.

వంటగట్టు కింద ఎర్రదానికి రాజభోగమే. పెట్ట కూయదంటారు గానీ, అది తెల్లారకముందే కూసి మా ఆయన్ని లేపేది. "ఇంట్ల అదన్న ఉండాలె, నేనన్న ఉండాలె" అని ఆయన చొక్కా తొడుక్కున్న రోజున దాన్ని మళ్లీ పైకి తీసుకెళ్లాం.

అప్పటికే మిగతా రెండింట్లో చుక్కలపెట్ట పెద్దరికం అందుకుంది. ఎర్రది మెడ నిక్కించి నల్లదాని మీదికి వెళ్లగానే చుక్కలది ఒక్క పొడుపు పొడిచింది. అంతే, ఎర్రది నీళ్ల డ్రమ్ము చాటుకు తప్పుకుంది.

"అమ్మవారి కోడినే పొడుస్తున్నయి, బద్మాష్‌లు" అంటూ అత్తమ్మ డ్రమ్ము పక్కన దానికి వేరే గిన్నెలో నూకలు పోసింది. నాకు కావలసిందీ అదే. ఎవరి మూల వారిది, ఎవరి గిన్నె వారిది.

నల్లపెట్ట తల ఎత్తకుండా తింటోంది. వంగి చూశాను. వీపు మీద పసుపు పొరలోంచి సూదిమొనల్లా కొత్త ఈకలు మొలుస్తున్నాయి.