కడ్డీలు వంగిన గొలుసు

నా చేతిరాత బాగుండదు, అక్షరదోషాలూ ఉంటాయి. పల్లెబడి చదువు నాది, సర్దుకుని చదవండి. మా చేన్లు కొలిచిన సర్వేయరు సారు పోయిన వారం నంద్యాలలో చనిపోయారు. ఆళ్లగడ్డ బస్టాండులో టీ తాగుతుంటే తెలిసింది. గ్లాసు అట్లే పెట్టేసి వచ్చాను.

పనికి ముందు ఆయన చేను కొలిచే ఇనుప గొలుసును నేల మీద పరిచి, ఒక్కో కడ్డీని వేళ్లతో తడిమేవారు. వంగినదాన్ని చిన్న సుత్తితో సాపు చేసేవారు. ఎవరైనా తొందరపెడితే, "ముందు దీన్ని అనుమానించల్లప్పా, మనుషుల సంగతి తర్వాత" అనేవారు.

నాయన పోయాక చేను మా అన్నకూ నాకూ పంచి, మధ్యన రాయి నాటారు. కొన్నేళ్లకు అన్న తన భాగం కొలిపిస్తే, కాగితంలో ఉన్నదానికన్నా తక్కువ వచ్చింది. నేనే రాయి జరిపానన్నాడు. మాటలు బంద్. ఊళ్లోవాళ్లూ నన్ను చూసి గొంతు తగ్గించేవారు. నాకు ఎదురు చెప్పడం చేతకాదు.

అప్పుడు ఊరి పెద్దమనుషులు సారును పిలిచారు.

"చూడండి సారూ, నోరు తెరుస్తాడేమో. దొంగోడు ఎట్ల తెరుస్తాడు?" అన్నాడు అన్న.

"నోరు లేకపోతే దొంగేనా? ఇట్ల రాప్పా, ఈ కొస పట్టు."

రెండో కొస నాకిచ్చారు. అన్న చేను తగ్గింది. నాదీ తగ్గింది. ఆ వరుసలో పక్కవాళ్లవీ అట్లే తగ్గాయి.

"రాయి జరిపింటే నీకు తగ్గింది వీని చేన్లో పెరగల్ల కదప్పా. తేడాలు మూడు రకాలు. లెక్క తప్పితే ఒక్కచోటే తప్పుతాది. గాలికో, చెయ్యి వణికో వచ్చేది ఒకపారి ఎక్కువ, ఒకపారి తక్కువ. గొలుసులోనే లోపముంటే యాడ కొలిచినా ఒకే పక్కకు పోతాది. ఇది అదే. ఈ వరుస మొదట కొలిచినప్పుడు కడ్డీలు వంగి గొలుసు పొట్టిగా ఉన్నింటాది, కాగితంలో ఎక్కువ పడింది. రాయిని ఎవురూ ముట్టుకోలే."

అన్న గట్టు మీద కూర్చుండిపోయాడు. సారు ఆయనను తప్పు పట్టలేదు. "చివరి చేను మిగిలింది, పట్టండి" అన్నారు.

అన్న లేచి కొస పట్టుకున్నాడు.

"బిగించి పట్టుకోరా, జారిపోతాంది" అన్నాడు నాతో. అన్నాళ్లకు అదే మొదటి మాట. నేను బిగించాను. గొలుసు శనగ మొక్కల మీదుగా లేచి, మా ఇద్దరి మధ్యా ఎండలో మెరుస్తూ నిలిచింది.

ఇప్పుడు అన్నకు చూపు ఆనదు. సాయంత్రాలు ఆ రాయి పక్కనే కూర్చుంటాం. సారు మీ ఊరి చేన్లూ కొలిచి ఉంటే ఆయన గురించి ఒక ముక్క రాయండి, అన్నకు చదివి వినిపిస్తాను. ఆలస్యం చేయకండి, రోజూ అడుగుతున్నాడు.