భాషను శుభ్రం చేసే స్విచ్చి

నా దగ్గర నీలం అట్ట నోటుపుస్తకం ఒకటి ఉంది. అట్ట మీద "రాబోయే కాలపు సెట్టు" అని నా చేత్తో రాసి ఉంటుంది. అందులో తొమ్మిదో పేజీ కంటబడినప్పుడల్లా ఎవరి చెంపైనా ఛెళ్లుమనిపించాలనిపిస్తుంది. ముందు ఒక కోస్తా పెద్దమనిషిది, ఆ తర్వాత నాది.

మొదటి నుంచి చెబుతాను. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం మొదలైనప్పుడు నేను జనగామలో చదువుకుంటున్నాను. క్లాసులు ఆగిపోయాయి, ఏడాది చదువు మట్టిలో కలిసింది. ఖాళీగా ఉండలేక స్టేషన్ రోడ్డులో రేడియోలు బాగుచేసే ఒక ఉస్తాద్ దగ్గర కూర్చునేవాణ్ని. ఒకరోజు మా చౌరస్తాలో లాఠీలు విరిగాయి. ఒక దెబ్బ నా మోచేతికీ తగిలింది. ఆ సాయంత్రం దుకాణంలోని రేడియో చక్కటి గొంతుతో పరిస్థితి ప్రశాంతంగా ఉందని చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏడున్నదిరా ప్రశాంతం? జర గీడికొచ్చి సూడు!" అని రేడియో మీద అరిచాను.

ఉస్తాద్ పకపకా నవ్వాడు. "అరె, గది నీ మాట ఇంటదా? గది చెప్తది, నువ్వు ఇనాలె. గంతే."

ఆ "గంతే" నాకు మింగుడుపడలేదు. తిరిగి మాట్లాడగలిగే రేడియో ఒకటి ఉంటుందని, దాన్ని హామ్ రేడియో అంటారని, పరీక్ష రాస్తే ప్రభుత్వమే లైసెన్సు ఇస్తుందని తెలిసిన రోజు నిద్రపట్టలేదు. దుకాణం పని చేసుకుంటూనే టకటకల మోర్స్ కోడు నేర్చుకున్నాను. రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యాను. పాత మిలిటరీ సామాను నుంచి ఊడదీసిన వాల్వులతో సెట్టు కట్టి, డాబా మీద రెండు వెదురు గడల మధ్య రాగి తీగ లాగాను. జనగామలో కూర్చుని మొట్టమొదటిసారి మాట్లాడి, అవతలి నుంచి జవాబు విన్నప్పుడు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

నోటుపుస్తకం అప్పుడు మొదలైంది. ఆ సెట్టుతో చాకిరీ అంతా ఇంతా కాదు. స్టేషన్ మార్చిన ప్రతిసారీ మూడు గుండీలు తిప్పి కుదుర్చుకోవాలి. తీగ దిక్కు మార్చాలంటే డాబా ఎక్కాలి. ఎవరైనా జవాబిచ్చేదాకా ఒకే పిలుపును గొంతు పోయేలా పిలవాలి. అందుకని రాబోయే కాలంలో సెట్టు వీటన్నింటినీ దానంతట అదే ఎలా చేసుకుంటుందో రోజుకొకటి ఊహించి రాసేవాణ్ని. గుండీలు వాటంతట అవే తిరుగుతాయి. ఏరియల్ కింద చిన్న మోటారు ఉండి, పిలుపు ఎటు నుంచి వస్తే అటు తిరుగుతుంది. నేను అన్నం తింటుంటే సెట్టే నా బదులు పిలిచి, ఎవరైనా పలికితే గంట కొడుతుంది. అన్నింటికన్నా మోజుపడి రాసుకున్నది ఎనిమిదో పేజీ: నేను మాట్లాడితే సెట్టు విని, మాటను కాగితం మీద టైపు కొట్టేస్తుంది.

ఆ ఎనిమిదో సంగతే నోరు జారి ఆ కోస్తా పెద్దమనిషికి చెప్పాను. ఆయన రిటైరైన ఉద్యోగి. సముద్రం ఒడ్డున ఎత్తయిన టవరు, విదేశీ సెట్టు, గాలిలో గంభీరమైన గొంతు. నన్ను "తమ్ముడూ" అనేవాడు. నేను ఏం మాట్లాడినా ముందు నవ్వి తర్వాత జవాబిచ్చేవాడు. ఒకసారి మా దగ్గర మబ్బు పట్టిందని చెప్పడానికి "ఇక్కడ మొగులైంది" అన్నాను.

"మొగుడయ్యాడా? ఎవరికండీ బాబూ?" అన్నాడు. అదే ఫ్రీక్వెన్సీలో వింటున్న మరో నలుగురు విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను, లైసెన్సు కొత్తది, వాళ్లు పెద్దవాళ్లు.

మాటను టైపు కొట్టే సెట్టు గురించి విని ఆయన ఇలా అన్నాడు. "బాగుంది తమ్ముడూ. కానీ మీ కోసం అందులో ఇంకో స్విచ్చి పెట్టాలి. మీ తెలుగును శుభ్రం చేసి మామూలు తెలుగులోకి మార్చే స్విచ్చి. లేకపోతే పాపం ఆ మిషను పిచ్చెక్కిపోతుంది."

నేనేం చేశానో తెలుసా? సెట్టు కట్టేసి, నోటుపుస్తకం తీసి, తొమ్మిదో పేజీలో ఆ స్విచ్చిని రాసుకున్నాను. బొమ్మ కూడా వేశాను. ఒక పక్క "మన మాట", రెండో పక్క "మంచి మాట". ఎవరూ బలవంతపెట్టలేదు. నా చేత్తో నేనే గీసుకున్నాను, థూ. ఇప్పుడు ఇది రాస్తున్నదీ బడిలో బెత్తం దెబ్బలతో ఒంటబట్టిన శుభ్రమైన తెలుగులోనే. ఏం చెయ్యను, రాయడానికి కూర్చుంటే ఇంకోటి రాదు.

మా అక్కది నెల్లికుదురు దగ్గర పల్లె. ఆమెకు ఒక్కతే బిడ్డ. మా వైపు బిడ్డ అంటే కూతురు. ఇరవై ఏళ్లదైనా, అరవై ఏళ్లదైనా బిడ్డే. ఆ ఒక్క బిడ్డను భూపాలపల్లిలో కంపౌండర్ ఇంటికి ఇచ్చాం. ఆ ఇంట్లో అత్త, మామ, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు. ఎనభైలు మొదలైన కొత్తల్లో ఒక వానాకాలం, పెద్దకోడలు రెండో కాన్పుకు నర్సింహులపేట దగ్గరి పుట్టింటికి వెళ్లింది. ఏడాది పాపను అత్త దగ్గర వదిలి వెళ్లింది. ఆ పాపను సాకుతున్నది చిన్నకోడలైన మా అక్క బిడ్డే.

ఆ వానల్లోనే అక్కకు కామెర్లు ముదిరాయి. మానుకోట దవాఖానలో వేశారు. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం, నర్సింహులపేట వాళ్లకూ పెద్ద దవాఖాన అదే. ఒక పొద్దున రైలుకు మా బావ జనగామ వచ్చి, అప్పటికి నేను సొంతంగా పెట్టుకున్న రేడియో దుకాణం ముందు కూలబడ్డాడు.

"డాక్టర్ రెండు దినాలు గూడ కష్టమే అన్నడు. మీ అక్క బిడ్డను సూస్తనంటాంది. తార్ కొడుదమంటే భూపాలపల్లికి తీగలు తెగినయట. తొవ్వ గూడ సక్కగ లేదు. ఎట్ల జేద్దం?"

టెలిగ్రాం పోదు, దారి బాగాలేదు, నేనే పోతే చేరేసరికి ఎంతసేపు పడుతుందో తెలియదు. అప్పుడు రేడియో గుర్తొచ్చింది. భూపాలపల్లి పక్కన వంతెన సర్వే క్యాంపులో లైసెన్సున్న ఇంజినీరు ఒకాయన ఉన్నాడు. బయటివాళ్ల కబుర్లు మోయకూడదని రూలు, కానీ ప్రాణం మీదికి వస్తే ఒప్పుకుంటారు. సెట్టు వేసి పిలిచాను. అంత దగ్గరైతే షార్ట్ వేవ్‌కు చిక్కే, పక్క ఊరిని దాటేసి ఎక్కడో దూరంగా దిగుతుంది. ఇంజినీరు నాకు వినిపించలేదు, నేను ఆయనకు వినిపించలేదు. ఇద్దరమూ వినిపించేది సముద్రం ఒడ్డున ఉన్న మన పెద్దమనిషికే.

"చెప్పండి తమ్ముడూ, నేను అందిస్తాను" అన్నాడు ఆయన. ఆ క్షణంలో దేవుడిలా కనిపించాడు.

చెప్పాను. "భూపాలపల్లి కంపౌండర్ ఇంటికి. మానుకోట దవాఖానల తల్లికి సీరియస్ ఉన్నది. బిడ్డను ఎంబడే తోలియ్యుండ్రి." అంతే చెప్పాను. పేరు చెప్పలేదు. తల్లి బాగాలేక బిడ్డను తోలమంటే, అంటే పంపమంటే, మా వాళ్లలో ఎవరికైనా ఇంకేం చెప్పాలి? పది నిమిషాల్లో ఆయన తిరిగి పలికాడు. "అందింది. మనిషి కాగితం పట్టుకుని ఆ ఇంటికి బయలుదేరాడు. నిశ్చింతగా ఉండండి."

బావా నేనూ బండెక్కి మానుకోట పోయాం. అక్క ఒళ్లంతా పసుపుపచ్చగా ఉంది. కళ్లు తెరిచి "బిడ్డేది తమ్మీ?" అంది.

"వస్తాంది అక్కా. రేడియోల చెప్పిన. రేపటి వరకు నీ ముంగట ఉంటది."

"రేడియోలనా?" అని అంత నీరసంలోనూ నవ్వింది. "మా తమ్ముడు రేడియోల జెప్పిండట" అని పక్క మంచం ఆమెకు చెప్పుకుంది. ఆ మాట మీదే ఆమె ఆ రాత్రి, మరుసటి పొద్దున, మధ్యాహ్నం ప్రాణం పట్టుకుని ఉంది. వాకిట్లో చెప్పుల చప్పుడైతే చాలు, తల తిప్పేది.

మధ్యాహ్నం దాటాక వరండాలో ఒక ముసలమ్మ కనిపించింది. మోకాళ్ల దాకా బురద. చంకలో ఏడాది పాప. నెత్తికి నూనె రాసి, చక్కగా దువ్వి, కళ్లకు కాటుక పెట్టి, తడవకుండా ఉన్ని గొంగడిలో చుట్టి ఉన్నారు. కాన్పుల వార్డు ఎటని నర్సును అడుగుతోంది. చూస్తే మా బిడ్డ అత్త.

నన్ను చూసి ఆమే ముందు అడిగింది. "నువ్వేంది గీడ? మా పెద్దకోడలుకు ఎట్లున్నది? పానం మంచిగున్నదా?"

"పెద్దకోడలేంది? మా బిడ్డేది?"

"ఇంటికాడున్నది. తల్లికి సీరియస్ ఉన్నది, పసిపాపను పంపుండ్రని కాయితం వచ్చె. గీ పొల్ల తల్లి దవాఖానల పడ్డదనుకొని, ఎడ్లబండి మీద కొంత, బస్సు మీద కొంత పడి వస్తి. ఏమైంది, చెప్పరాదు?"

నేను నోరు తెరిచేలోపే, వరండాలో బిడ్డ అన్న మాట ఒక్కటే చెవినపడ్డ పక్క మంచం ఆమె సంతోషంతో లోపలి నుంచి కేకేసింది. "అవ్వా, లే! నీ బిడ్డొచ్చింది!"

అక్క మోచెయ్యి ఆన్చి లేవబోయింది. గుమ్మంలో ముసలామె, చంకలో పాప, వెనక నేను. అక్క మమ్మల్ని దాటి వాకిలి దాకా చూసింది. ముసలామె మంచం దగ్గరికి రాగానే పాప కాలు పట్టుకుని, నా మొహంలోకి చూసి అడిగింది. "గిది ఎవలి బిడ్డ తమ్మీ?"

దీపాలు పెట్టే వేళకు పోయింది. మనిషిని పంపితే మా బిడ్డకు కబురందినా ఆమె వచ్చేసరికి అంతా అయిపోయింది. తల్లి మొహం చూడలేదు.

మూడో రోజు బట్టల కోసమని జనగామ వచ్చి సెట్టు వేశాను. ఆయన పలికాడు. మీ పుస్తకంలో ఆ కబురు ఎలా రాసుకున్నారో చదవండి అన్నాను. దర్జాగా చదివాడు. "మహబూబాబాద్ ఆసుపత్రిలో తల్లికి విషమంగా ఉన్నది. పసిపాపను వెంటనే పంపవలెను."

"నేను బిడ్డ అన్న."

"బిడ్డంటే పసిపాపే కదండీ? పైగా తోలడమేంటి, గేదెల్నా? అలాగే పంపితే ఎవరికి అర్థమవుతుంది? నేనే కాస్త శుభ్రం చేసి పంపాను."

"ఎవనికి అర్థం గావాలె? పంపింది జనగామ నుంచి, పోవాల్సింది భూపాలపల్లికి! మా ఇద్దరి నడుమ నీకు అర్థం గాకపోతే ఏం మునిగింది? నోరు మూసుకొని ఉన్నది ఉన్నట్టు పంపితే సచ్చిపోతుంటివా? అనుమానముంటే నన్నొక్క మాట అడగరాకపోయెనా? మా అక్క పానం పోయిందిరా! బిడ్డ బిడ్డ అనుకుంట పోయింది!"

లైసెన్సున్నవాడు గాలిలో అలా మాట్లాడకూడదు. మాట్లాడాను. ఈరోజుకీ దానికి నేను సారీ చెప్పలేదు, చెప్పను. ఆయన "నేను మంచికే చేశాను తమ్ముడూ" అన్నాడు. ఆ గొంతు నిజంగానే వణికింది. అయినా నాకు జాలి కలగలేదు.

సెట్టు కట్టేశాక నోటుపుస్తకం తీశాను. తొమ్మిదో పేజీలో నేను గీసిన స్విచ్చి ఉంది. ఆయన నాకు తెలియని కొత్త పని ఏదీ చెయ్యలేదు. నేను ముచ్చటపడి ఊహించిన పనే మిషను లేకుండా చేశాడు. కాగితం చిరిగేదాకా దాన్ని కొట్టేసి, కింద రాశాను: "అర్థం కాకపోతే సెట్టు మార్చొద్దు. మళ్ల అడగాలె." అప్పట్లో నేను ఊహించినవి ఇప్పుడు చాలావరకు వచ్చేశాయి. మాటను రాసే మిషను జేబులోకే వచ్చింది. నా మాట అర్థం కాకపోతే అది కూడా అడగదు, దానికి తోచింది రాసేస్తుంది.

పదో రోజు అందరూ తిన్నాక మా బిడ్డ నా పక్కన వచ్చి కూర్చుంది. చేతిలో ఆ క్యాంపు వాళ్లు తెచ్చిచ్చిన కాగితం. తడిసి ఆరిన మడతలు.

"మామా, నువ్వు రేడియోల ఏమన్నవ్?"

"తల్లికి సీరియస్ ఉన్నది, బిడ్డను ఎంబడే తోలియ్యుండ్రి అన్న."

ఆమె కాగితం వైపు చూసింది, నా వైపు చూసింది. ఏడవలేదు.

"గట్లనే రాసుంటే నేను ఉరికొద్దును మామా" అంది. "పొల్లకు తానం బోసి, నెత్తి దువ్వి, కాటుక బెట్టి... తల్లి కండ్లు కాయలు కాస్తుంటయి, జల్ది తీస్కపో అత్తా అని, నా చేతులతోని నేనే తోలిచ్చిన."