మీటింగు ఉర్దూలో పెట్టిన ఆదివారం

కుదిరిన పెళ్ళిని ఒక్క వేలితో చెడగొట్టుకోవడం ఎలాగో తెలుసుకోవాలనుందా? అయితే నన్నడగండి. మా ఆవిడ నస్రీన్ పురిటికి పుట్టింటికి, పామర్రు వెళ్ళింది. ఇల్లంతా బోసిగా ఉంది. ఏమీ తోచక ఈ సంగతి చెబుతున్నాను.

ఇది జరిగేనాటికి మాకు నిశ్చితార్థం అయింది. మేముండే పటమట నుంచి పామర్రు గంట ప్రయాణం. అయినా నిఖా అయ్యేదాకా మేం కలవకూడదు, ఫోన్లు చేసుకోకూడదు. అది వాళ్ళ దాదా, అంటే తాతగారి హుకుం. ఆయన రిటైరైన ఉర్దూ మాస్టారు. ఆదివారాలు మాత్రం రెండు కుటుంబాలూ నేను పెట్టే ఆన్‌లైన్ మీటింగులో కూర్చునేవి. పెద్దవాళ్ళు విందు గురించి వాదించుకుంటుంటే, నస్రీన్ మొహం వాళ్ళమ్మ భుజం వెనక సగమే కనపడేది. ఆ సగం మొహం కోసం వారమంతా బతికేవాణ్ణి. బందరు బస్సు పామర్రు మీదుగానే పోతుంది కదా, అది కనుమరుగయ్యేదాకా రోడ్డు మీద నిలబడి చూసేవాణ్ణి. "ఏరా, బస్సు ఎప్పుడూ చూళ్ళేదా?" అని నేను పనిచేసే కొట్టు ఓనరు తిట్టేవాడు.

ఒక వారం మాస్టారు, "మా పిల్ల వెళ్ళే ఇంట్లో ఉర్దూకి మర్యాద ఉంటుందో లేదోనని నా బెంగ బాబూ" అన్నారు.

నేను నోరు మూసుకుని ఊరుకోవచ్చుగా! "ఈ మీటింగు యాప్ కూడా ఉర్దూలోనే వాడతానండీ" అనేశాను.

ఇంట్లో మాట్లాడేది ఉర్దూయే, కాదనను. చదివింది మాత్రం తెలుగు మీడియం. అక్షరాల్లో అలిఫ్ ఒక్కటే గుర్తుపడతాను, అదీ నిలువు గీత కాబట్టి.

"ఏదీ, వచ్చే వారం చూపించు" అన్నారాయన.

ఇంకేముంది, ఆదివారం పొద్దున్నే సెట్టింగుల్లోకి వెళ్ళి భాష మార్చేశాను. ఉర్దూ కుడి నుంచి ఎడమకి రాస్తారు కదా, తెర మీద కుడివైపువన్నీ ఎడమకి, ఎడమవైపువన్నీ కుడికి వెళ్ళిపోయాయి. దాన్ని ఫొటో తీసి మాస్టారికి పంపాను. మీటింగులో ఆయన ఆనందం చూడాలి!

"శభాష్! ఇలాంటి కుర్రాడికి పది నిమిషాలు ఇవ్వచ్చు. మీరిద్దరే మాట్లాడుకోండి, మేం పక్కగదిలో ఉంటాం" అన్నారు.

అందరూ లేచారు. నస్రీన్ తెర ముందుకొచ్చి కూర్చుంది. మొదటిసారి మొహమంతా చూశాను. ఆమె ఏదో అనబోయింది. సరిగ్గా అప్పుడే మా అమ్మ వంటింట్లో మిక్సీ వేసింది. ఆ మోత అటు వినపడకూడదని మైకు ఆపబోయి, ఎప్పుడూ నొక్కే చోటే నొక్కాను. ఇప్పుడక్కడున్నది మీటింగు ముగించే బటన్! ఉర్దూలో ఏదో ప్రశ్న వచ్చింది. అంతా అర్థమైనవాడిలా దాన్నీ నొక్కాను. మీటింగు అందరికీ ముగిసిపోయింది.

మళ్ళీ తెరుద్దామంటే ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! ఇంతలో ఫోను మోగింది. మాస్టారు.

"పిల్ల మొహం చూడగానే మూసేశావేం బాబూ? నచ్చలేదా? ఇక్కడ ఏడుస్తోంది."

"అయ్యయ్యో, కాదండీ! బటన్ ఎక్కడుందో తెలియక..."

"యాప్ ఉర్దూలోనే వాడతానన్నావుగా?"

"మాట్లాడతానండీ. చదవడమే..."

నా పెళ్ళి ఇక లేనట్టేననుకున్నాను. అంతలో, "తెర ఫొటో తీసి పెట్టు" అన్నారు.

ఆయన ఫోన్లో చదివి చెప్పడం, నేను నొక్కడం. "అది కాదయ్యా, దాని కిందది! అబ్బబ్బ, ఆ పైది దేనికి నొక్కావు?" మీటింగు తెరుచుకునేసరికి మా పది నిమిషాలూ ఆయన పాఠానికే సరిపోయాయి. నస్రీన్ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. నా ప్రాణం ఉసూరుమంది.

"నమాజు వేళైంది, ఇక చాలించండి" అంటూ మాస్టారు లేచి వెళ్ళారు. నస్రీన్ గుమ్మం వైపు ఓసారి చూసి, తెరకి దగ్గరగా వంగింది.

"నాకూ ఉర్దూ చదవడం రాదండీ. దాదాకి చెప్పకండి."

నాతో ఆమె అన్న మొదటి మాట అదే. నిఖా దాకా ఆ ఒక్క మాటే తలుచుకుని రోజులు వెళ్ళదీశాను.

అల్లా సాక్షిగా చెబుతున్నాను, భాష మార్చే సెట్టింగు దరిదాపులకి ఇక ఈ వేలిని పోనివ్వను. పుట్టబోయే బిడ్డకి ఉర్దూ తనే నేర్పుతానని మాస్టారు పట్టుబట్టారు. ముందు నస్రీన్ బిడ్డతో ఇంటికి రావాలి. ఆ పాఠాలు మొదలైతే వెనక బల్ల మీద మేమిద్దరం కూర్చుంటాం.