చెడ్డ గుంపులో బ్రేకు మేడమ్

ఆ డ్రైవింగు స్కూల్లో కారు నేర్చుకున్నవాళ్ళంతా ఆమెని బ్రేకు మేడమ్ అనేవాళ్ళు. నేర్పేవాళ్ళు కూర్చునే పక్కసీటు కింద ఇంకో బ్రేకు ఉంటుంది. ఆమె దాని మీంచి కాలు తీసేది కాదు, నోరు మూసేది కాదు.

"స్టీరింగు పట్టుకోమన్నాను, పీక పిసకమన్లేదు."

"అద్దంలో చూడమన్నది వెనకొచ్చే బండిని. నీ క్రాపుని కాదు."

ఆడా మగా తేడా లేకుండా ఏడిపించేది. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసే మగవాళ్ళు కూడా మూడో గేరు దగ్గర కళ్ళు తుడుచుకునేవాళ్ళు. అయినా మనుషులు ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. టెస్టులో ఫెయిలైనవాళ్ళు తక్కువ మరి.

స్కూలు ఆమెదీ, ఆమె చెల్లెలిదీ. అక్క రోడ్డు మీద, చెల్లెలు ఆఫీసులో. ఫోన్లు, టైములు, టెస్టు తేదీలు అన్నీ చెల్లెలు చూసేది. వయసులో చిన్నదైనా నోటి దురుసులో అక్కకేమీ తీసిపోదు. చిన్నప్పట్నించీ ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. ఎవరో ఒకరు పంతం దిగితే గానీ పొద్దున షట్టరు లేచేది కాదు. బ్రేకు మేడమ్ భర్త కరెంటు పనివాడు. ఇళ్ళల్లో వైర్లు లాగుతూ, ఈ అక్కచెల్లెళ్ళ మధ్యకి మాత్రం వెళ్ళకుండా బతికేశాడు.

ఎడమ డొక్కలో నొప్పి మొదలైనప్పుడు, రోజంతా మెలి తిరిగి కూర్చుంటానుగా, అందుకే అనుకుంది. తర్వాత ఒకరోజు బాత్రూములో ఎర్రగా కనిపించింది. ఎవరికీ చెప్పలేదు. మళ్ళీ కనిపించాక భర్తకి చెప్పింది, ఆయన వెళ్ళి మరదలికి చెప్పాడు, ఆమె అప్పటికప్పుడు అక్కని కారెక్కించి ఆసుపత్రికి తీసుకుపోయింది. స్కానింగులో ఎడమ కిడ్నీ మీద కణితి బయటపడింది. కిడ్నీతో సహా తీసేశారు.

ఇంటికి పంపే ముందు క్యాన్సర్ డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది. నెమ్మదిగా, అచ్చు పుస్తకం చదివినట్టు మాట్లాడే మనిషి.

"తీసిన కణితి ముక్కని మైనంలో భద్రపరిచామమ్మా. దాన్ని పల్చటి పొరలుగా కోసి రంగులు వేస్తే, అందులో ఏయే ప్రోటీన్లు ఎంతెంత ఉన్నాయో తెలుస్తుంది. ఇకముందు ఈ జబ్బు ఎలా ఉండబోతుందో కొంత అంచనా వేసుకోవచ్చు. మీకు ఇష్టమైతేనే."

"తీసి పారేశారుగా. పారేసినదాని గుణగణాలు నాకెందుకు?" అంది బ్రేకు మేడమ్.

"సంతకం పెట్టు," అంది చెల్లెలు.

"పెట్టను."

"పెట్టేదాకా నేనిక్కణ్ణించి కదలను." చెల్లెలు చెప్పులతోనే మంచమెక్కి కాళ్ళ దగ్గర బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నర్సు వద్దన్నా దిగలేదు. కుట్ల నొప్పికి తోడు ఈ నస భరించలేక బ్రేకు మేడమ్ కాగితం లాక్కుని గీకి పడేసింది.

ఫలితం చెప్పడానికి డాక్టరమ్మ ఇద్దరినీ తన గదికి పిలిచింది.

"కణాలు ఎంత జోరుగా పెరుగుతున్నాయో చెప్పే ప్రోటీన్ ఒకటుంది. అది మీ కణితిలో ఎక్కువగా కనిపించింది. ఈ రకం క్యాన్సర్‌లో ఉంటే మంచిదనుకునే ఇంకో ప్రోటీన్ తక్కువగా ఉంది. కణితి సైజు కూడా కలిపి చూస్తే, మిమ్మల్ని రిస్కు ఎక్కువున్న గుంపులో వేయాల్సి వస్తోంది."

"అంటే పోతానా?"

"అలా కాదమ్మా. ఈ పరీక్ష మీ ఒక్కరి గురించి చెప్పలేదు. మీలాంటివాళ్ళు చాలామందిలో ఏం జరిగిందో చెబుతుంది. వాళ్ళలో సగం మందికి పైగా కొన్నేళ్ళలో తిరగబెట్టింది."

"నాలాంటివాళ్ళ సంగతైతే వాళ్ళనే పిలిచి చెప్పండి. నన్నెందుకు కూర్చోబెట్టారు?"

"అక్కా, నోరు పారేసుకోకు." చెల్లెలు కుర్చీ ముందుకి జరుపుకుంది. "డాక్టరు గారూ, మామూలు వాళ్ళకంటే ఈవిడకి స్కాన్లు తొందర తొందరగా తీయించొచ్చా?"

"అదే చెప్పబోతున్నాను. తీయించాలి."

బయటికొచ్చాక, మందుల కౌంటరు ముందు వరసలో జనం ఉన్నారని కూడా చూడకుండా, బ్రేకు మేడమ్ చెల్లెలి మీద విరుచుకుపడింది. "చల్లబడిందా నీ కడుపు? హాయిగా ఇంటికెళ్ళి పడుకోవాల్సినదాన్ని. చెడ్డ గుంపులో ఉన్నావని చెప్పించావు. ఇప్పుడీ మాట నేనెక్కడ దించుకోను?"

చెల్లెలు మందుల చీటీ కౌంటరులోకి అందించింది.

ఆ సంగతి చెల్లెలి ద్వారానే స్కూలంతటికీ తెలిసింది. కుట్లు మానీ మానకుండా బ్రేకు మేడమ్ పనిలోకి వచ్చేసరికి లోకం మారిపోయి ఉంది. ఆమె తిడుతోంటే ఎవరూ బిక్కచచ్చిపోవడం లేదు. తలూపుతున్నారు. "పర్వాలేదు మేడమ్, మీరు ఆయాసపడకండి," అంటున్నారు. తిట్టు తగలకపోతే తిట్టిన మనిషికి ఏం మిగులుతుంది? ఒకడు ఎర్రలైటు దాటించి, తిట్లు తింటూ కూడా ఆమెకేసి జాలిగా చూశాడు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది.

ఆపైన చెల్లెలు ఆమెని కారులోంచే దించేసింది. రిటైరైన బస్సు డ్రైవరొకాయన్ని తెచ్చి ఆమె సీట్లో కూర్చోబెట్టింది. ఆయన తేనె పూసిన మనిషి. ఎవరేం చేసినా "శభాష్ తల్లీ" అంటాడు. బ్రేకు మేడమ్‌కి ముందు గదిలో ట్రాఫిక్కు గుర్తులు నేర్పే పని ఇచ్చారు. చేతిలో కర్ర, గోడ మీద అట్ట, ఎదురుగా ఆవలించే జనం.

కొన్నాళ్ళు పళ్ళు బిగించి ఓర్చుకుంది. ఒక పొద్దున కర్ర పక్కన పడేసి ఆవరణలోకి వెళ్ళి కారు తలుపు తెరిచింది.

"దిగండి," అంది బస్సు డ్రైవరుతో.

ఆయన ఆఫీసు కిటికీ వైపు చూశాడు. చెల్లెలు అప్పటికే గబగబా వచ్చి కారుకి అడ్డం నిలబడింది. స్టీరింగు ముందు కూర్చున్న కాలేజీ అమ్మాయికి చెమటలు పట్టాయి.

"నడిరోడ్డు మీద నీకేదన్నా అయితే ఆ పిల్ల గతేమిటి?"

"నాకేమవుతుందే? పోయింది కిడ్నీ, కాలు కాదు."

"నువ్వు ఏ గుంపులో ఉన్నావో నేనూ విన్నాను."

ఎదురుగా పంక్చరు షాపులో పని ఆగిపోయింది. బ్రేకు మేడమ్ మొహం జేవురించింది.

"అంటే, అప్పుడే నన్ను పాతిపెట్టేశావన్నమాట. నా సీటు కోసం ఎప్పట్నించి కాచుక్కూర్చున్నావే?"

"అవును! నువ్వు పోయాక ఈ స్కూలు నేనొక్కదాన్నే నడపాలి. ఇప్పట్నించే అలవాటు చేసుకుంటున్నా. తప్పా?"

అన్న మాటని చెల్లెలు వెనక్కి తీసుకోలేదు. బ్రేకు మేడమ్ ఆ అమ్మాయినీ, బస్సు డ్రైవరునీ దింపేసి, తాను స్టీరింగు ముందు కూర్చుంది. చెల్లెలు పక్కకి తప్పుకునేదాకా ఇంజను రైజు చేసి, కారు తీసుకుని ఇంటికెళ్ళిపోయింది.

స్కూలు రెండైంది అలాగే. వారం తిరక్కుండా ఇంటి ముందు బోర్డు లేచింది. "ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుంటే..." అని భర్త నసిగాడు. "మీరు మీ ప్లగ్గులు చూసుకోండి," అంది. కొత్తగా చేరినవాళ్ళకి ఆమె జబ్బు సంగతి తెలియదు. అందుకని పాతరోజుల్లోలాగే ఏడ్చారు, పాసయ్యారు. టెస్టు మైదానంలో అక్కచెల్లెళ్ళు ఎదురుపడితే చెరో చెట్టు కిందికి పోయేవాళ్ళు.

స్కానుకి మాత్రం ఎవరూ తోడు రావద్దని ఒక్కతే వెళ్ళింది. వెళ్ళేసరికి స్కానింగు గది బయట కుర్చీలో చెల్లెలు!

"ఎందుకొచ్చావు? చచ్చానో లేదో చూసుకోవడానికా?"

"అవును. చావలేదు, చూశాను. వెళ్తున్నా."

అందే గానీ, రిపోర్టు వచ్చేదాకా కదల్లేదు. నడుమ రెండు కుర్చీలు వదిలేసి కూర్చుని, ఫోను చూసుకుంటూ ఉండిపోయింది. ప్రతిసారీ ఇంతే. తేదీలు చేరవేస్తున్నది భర్తేనని తెలిసి బ్రేకు మేడమ్ ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆయనకది పెద్ద శిక్షేమీ కాలేదు.

మూడో ఏడు స్కానులో ఊపిరితిత్తి మీద మచ్చ కనిపించింది. గోటి అంచంత. డాక్టరమ్మ బొమ్మని తెర మీద చూపిస్తూ, "చాలా చిన్నగా ఉండగానే దొరికింది. మామూలు వాళ్ళకి తీసినట్టు ఏడాదికోసారి తీసి ఉంటే ఈపాటికి మనకి తెలిసేది కాదు. ఆపరేషన్‌కి వీలయ్యేదో కాదో కూడా చెప్పలేను," అంది.

బ్రేకు మేడమ్ తెరకి దగ్గరగా వంగి ఆ మచ్చని చూసింది. భయం వేసింది. అంతకంటే ఎక్కువగా ఒళ్ళు మండింది. ఆ రోజు ఆ దెయ్యం చెప్పులతో మంచమెక్కి కూర్చోకపోయి ఉంటే తాను సంతకం పెట్టేది కాదు. పెట్టకపోతే ఇన్ని స్కాన్లు ఉండేవి కావు. ప్రాణం నిలబెట్టింది ఎవరయ్యా అంటే, బతికుండగానే తన సీట్లో వేరే మనిషిని కూర్చోబెట్టిన చెల్లెలు. ఈ రెండూ ఒక్క మనిషే అన్నది ఆమెకి మింగుడు పడలేదు.

మచ్చ తీసేశారు. తర్వాత ఏడాది పొడుగునా నరంలోకి మందు ఎక్కించారు. ఒళ్ళంతా దురదలు, మెట్లెక్కితే ఆయాసం. మందు ఎక్కించుకునే రోజుల్లో ఆమె దగ్గర నేర్చుకునేవాళ్ళని చెల్లెలు అడక్కుండానే బస్సు డ్రైవరుతో తిప్పించేది. "నా మనుషుల్ని లాక్కుంటోంది," అని బ్రేకు మేడమ్ కారాలు మిరియాలు నూరింది. తీరా చూస్తే అందరూ తిరిగి వచ్చారు. దాంతో ఆమె కోపం నిలబడే చోటు లేక ఇంకా పెరిగింది.

మందు అయిపోయాక స్కాన్లు శుభ్రంగా వస్తున్నాయి. "గుంపు మారినట్టేనా?" అని అడిగితే డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "గుంపు అదేనమ్మా. ఆ గుంపులో బాగున్నవాళ్ళల్లో మీరొకరు, ఇవాళ్టికి."

ఆ సాయంత్రం అన్నం దగ్గర భర్త మెల్లగా అన్నాడు. "నీ చెల్లెలికొక్క మంచి మాట చెప్పొచ్చుగా. ఇన్నేళ్ళైంది."

మర్నాడు మధ్యాహ్నం బ్రేకు మేడమ్ మంచి చీర కట్టుకుని చెల్లెలి స్కూలుకి నడిచి వెళ్ళింది. దారి పొడుగునా మాట పేర్చుకుంది. గేటు దాటేసరికి ఆవరణలో ఒకడు రివర్సులో పార్కు చేస్తూ ప్లాస్టిక్ కోనుల మీదికి ఎక్కించేశాడు. పక్కన బస్సు డ్రైవరు, "శభాష్ నాన్నా, ఇంచుమించు వచ్చేసింది," అంటున్నాడు.

"ఏం వచ్చేసింది? గోడా?" అని బ్రేకు మేడమ్ కేక పెట్టింది. "కోనులు అంత దగ్గరగా పెడితే ఎవడికొస్తుందండీ పార్కింగు? జరపండి ముందు!"

చెల్లెలు ఆఫీసులోంచి దూసుకొచ్చింది. "నా స్కూల్లో నీ పెత్తనమేమిటి?"

"పెత్తనం కాదే, మనుషులు చస్తారు."

"అసలెందుకొచ్చావు నువ్వు?"

బ్రేకు మేడమ్ నోరు తెరిచింది. పేర్చుకున్న మాట గొంతుదాకా వచ్చింది. చెల్లెలు నడుం మీద చేతులు పెట్టుకుని, గడ్డం పైకెత్తి చూస్తోంది. ఆ చూపు చూస్తే ఒక్క మంచి మాట కూడా బయటికి రాలేదు.

"ఇక్కడ పార్కింగు ఎంత దరిద్రంగా నేర్పుతున్నారో చూద్దామని వచ్చాను."

"చూశావుగా. వెళ్ళు."

"వెళ్తున్నా."

ఇంటికొచ్చేసరికి భర్త స్టూలెక్కి ఫ్యాను విప్పుతున్నాడు. కిందికి చూసి, "చెప్పావా?" అన్నాడు.

"చెప్పే సందిస్తేగా ఆ మహాతల్లి!" అని ఆమె కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది.