స్టీలు పట్టీ పైన మరక

ఆ ఆసుపత్రిలో డాక్టర్ల దగ్గర్నుంచి ఆయాల దాకా అందరూ ఆయన్ని పుట్టీ మామ అనే పిలుస్తారు. ముప్ఫై ఏళ్లుగా అక్కడి గోడలకు పుట్టీ పెట్టి, ఎమరీ కాగితంతో రుద్ది, రంగులు వేస్తున్న మనిషి. పని బంగారం, నోరు మాత్రం కారం. "దేవుడా? ఉంటే ఈ చెమ్మ గోడను ఒక్కసారి ఆరబెట్టమనండి, అప్పుడు నమ్ముతా" అంటాడు. నవ్వాలో నొచ్చుకోవాలో ఎదుటివాళ్లు తేల్చుకునేలోపే నిచ్చెన ఎక్కేస్తాడు.

అంతటి పనివాడికీ ఒక గోడ కొరకరాని కొయ్య అయింది. ఆపరేషన్ థియేటర్ తలుపు బయట, ఎడమ పక్కన, నడుము ఎత్తు నుంచి ఛాతీ దాకా ఎన్నిసార్లు రంగు వేసినా ఎనిమిది నెలలు తిరిగేసరికి నల్లబడేది. నూనె రంగు వేశాడు, అదీ పోయింది. ఇక స్ట్రెచర్లు తోసేవాళ్ల మీద విరుచుకుపడ్డాడు. "కళ్లు నెత్తికెక్కాయా? గోడకి రాసుకుంటూ తోస్తారేం?"

"ఒట్టు మామా, మేం కాదు" అన్నారు వాళ్లు. నమ్మితేగా! స్ట్రెచర్ అంచు ఎత్తు కొలిచి, సరిగ్గా అక్కడ స్టీలు పట్టీ బిగించి, పైనా కిందా కొత్త రంగు వేసి, రోగం కుదిరిందని చేతులు దులుపుకున్నాడు.

ఆయన కూతురు సమాజశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. ఈ కాలంలో మతం తగ్గిపోతోందా అన్నది ఆ పిల్ల ప్రశ్న. ఆసుపత్రి కింది అంతస్తులో ఏ మతం వాళ్లయినా కూర్చోగల ప్రార్థన గది ఒకటుంది. దాని ముందు నలభై రోజులు కూర్చుని లెక్కపెట్టింది. వచ్చినవాళ్లు పదకొండు మంది. అందులో ఇద్దరు కునుకు తీయడానికి వచ్చారు! ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకూ వచ్చేపోయేవాళ్లకూ నాలుగు వందల ఫారాలు పంచితే, మూడొంతుల మంది 'ప్రార్థన చేయను' అని రాసిచ్చారు.

"చదువులూ ఆసుపత్రులూ పెరిగేకొద్దీ మతం ఆవిరైపోతుందని కొందరు పండితులంటారు నాన్నా. పోదు, గుంపులోంచి మనిషి లోపలికి వెళ్లి దాక్కుంటుందని ఇంకొందరు. నా లెక్క మొదటివాళ్ల వైపే ఉంది. సోమవారం థీసిస్ ఇచ్చేస్తే పట్టా వచ్చినట్టే. ఇవ్వకపోతే ఏడాది పోతుంది."

మామూలుగా అయితే ఈ మాటకు ఆయన ఎగిరి గంతేయాలి. కానీ అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. చివరికి "రేపొద్దున నాతో రా తల్లీ" అన్నాడు.

తెల్లారి తీసుకెళ్లి గోడ చూపించాడు. బిగించి ఎనిమిది నెలలైనా స్టీలు పట్టీ మీద గీత పడలేదు. దానికి జానెడు పైన, కొత్త రంగు మీద, మళ్లీ మరక. "స్ట్రెచర్ ఇంత ఎత్తు ఎగరదు కదమ్మా. వాళ్లని ఊరికే తిట్టాను" అన్నాడు. ఇద్దరూ ఎదురుగా బెంచీ మీద కూర్చున్నారు.

టై కట్టుకున్న ఒకాయన వచ్చి గోడకు అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. తర్వాత నడుము వంగిపోయిన ఒక ముసలామె నుదురు ఆనించింది. పెద్ద సర్జన్ గబగబా వస్తూ, తలుపు తోసేముందు రెండు వేళ్లు గోడకు తాకించి లోపలికి వెళ్లిపోయింది. పిల్ల నిటారుగా కూర్చుంది. నవ్వుతూ 'చేయను' అని రాసిచ్చిన డాక్టరమ్మే ఆవిడ! మధ్యాహ్నానికి ముప్ఫై ఏడుగురు. ముప్ఫై ఏళ్లలో ఇంకెన్ని వేల చేతులో!

టై ఆయన ఇంకా అక్కడే ఉంటే దగ్గరికి వెళ్లి అడిగింది. "ప్రార్థన చేస్తున్నారా అండీ?"

"అబ్బే, నాకలాంటివి అలవాటు లేదమ్మా. మా చెల్లెలు లోపలుంది. ఊరికే నించున్నా." చెయ్యి మాత్రం తియ్యలేదు.

తిరిగొచ్చి తండ్రి పక్కన కూలబడింది. "నాన్నా, నువ్వెప్పుడైనా..."

ఆయన గోటి మీద ఎండిన రంగును గీక్కున్నాడు. "నువ్వు పుట్టిన రోజు. మీ అమ్మని లోపలికి తీసుకెళ్లారు. ఇద్దర్లో ఒకరే దక్కుతారన్నారు. నాలుగు గంటలు నించున్నా. చెయ్యి తీస్తే ఏమైపోతుందోనని మంచినీళ్లు కూడా తాగలేదు. ఎలా మర్చిపోయానో! ఈ మరక పట్టీ దాటి పైకొచ్చాక గుర్తొచ్చింది."

"మరి నా ఫారంలో 'చేయను' అని రాశావేం?"

"అది ప్రార్థనేంటే పిచ్చిదానా? అది వేరే."

పిల్లకు కళ్లు నిండాయి. లేచి, ఫోన్ తీసి, ప్రొఫెసర్‌కి చేసింది.

"సార్, సోమవారం ఇవ్వలేను. ఏడాది పోతే పోనివ్వండి. వీళ్లని ఏమని అడగాలో నాకింకా తెలీదు సార్."