అరవై ఎనిమిది చుట్లు

నేను తెలివితక్కువవాణ్ణి. ఇలా మొదలుపెడితే మర్యాదకైనా మీరు "అయ్యో, అంతమాట ఎందుకు" అంటారు. కాస్త ఆగండి. చివరిదాకా చదివితే తెలివితక్కువ అన్న మాట చాలా తక్కువైందంటారు. కోరుట్లలో లారీల షెడ్డు నడిపి, సగం జీవితం లారీల కింద వెల్లకిలా గడిపినవాణ్ణి. ఎన్ని లారీల కిందినుంచి లేచి వచ్చానో లెక్కలేదు. ఒక లారీ మాత్రం నా మీదినుంచి లేవలేదు. ముప్పై ఏళ్లుగా ఛాతీ మీదే ఆగి ఉంది.

నక్సలైట్లను మేం అన్నలు అనే రోజులవి. బంద్ అని అన్నలు చెబితే రోడ్డు మీద కుక్క కూడా ఆలోచించి నడిచేది. గంగారాం ఆలోచించలేదు. అతనిది వెల్గటూర్ దిక్కు. దుబాయి ఎండల్లో ఏళ్లపాటు పనిచేసి, తిరిగొచ్చి ఒక లారీ కొన్నాడు. దానికి ఓనరూ అతనే, డ్రైవరూ అతనే. బంద్ నాడు సిరిసిల్లలో బట్టల మూటలు ఎత్తుకుని బయలుదేరాడు. కోనరావుపేట దాటాక పట్టపగలు ఆపారు. అతణ్ణి దింపేసి లారీని తగలబెట్టారు.

బీమా రావాలంటే, కాలింది గంగారాం లారీయే అని తేలాలి. బీమా కంపెనీ సర్వేయరుకు అనుమానం. మంచి లారీని ఎక్కడో అమ్ముకుని, తుక్కు లారీని కాల్చి, అన్నల మీదికి తోసేవాళ్లను ఆయన చూశాడట. నెంబరు ప్లేట్ల మీద రంగు కూడా మిగల్లేదు. చాసిస్ మీదా, ఇంజను మీదా అంకెలు కొట్టినచోట ఇనుము పొట్టులేచింది. మిగిలింది వెనక ఇరుసు. దాని రకం లారీ కాగితాల్లో రాసి ఉంది. ఇది ఆ రకమేనా అని చెప్పే మనిషి కావాలి. కోరుట్ల ఉస్తాదును పిలవండి, ఆయన చెబితే తిరుగులేదు అని నా పేరు చెప్పింది ఎవరో తెలుసా? గంగారామే.

ఇక్కడ కొంచెం ఇరుసు పాఠం తప్పదు. లేకపోతే నా తప్పు మీ చేతికి అందదు. ఆ లారీలకు రెండు రకాల వెనక ఇరుసులు వచ్చేవి. పైకి కవలపిల్లలు. తేడా అంతా లోపలి పళ్లలో. చక్రం ఒక చుట్టు తిరిగితే, ఇంజను వైపునుంచి వచ్చే షాఫ్టు మొదటి రకంలో ఏడు చుట్లకు కొంచెం తక్కువ తిరుగుతుంది. రెండో రకంలో ఆరు చుట్లకు కొంచెం ఎక్కువ. గంగారాం కాగితాల్లో ఉన్నది మొదటి రకం. నికరంగా తేల్చాలంటే మూత విప్పి పళ్లు లెక్కపెట్టాలి. లేదా రెండు పక్కలా జాకీలు ఎత్తి, చక్రాలను పది చుట్లు తిప్పి షాఫ్టు చుట్లు లెక్కించాలి. అరవై ఎనిమిది వస్తే మొదటిది, అరవై ఒకటి వస్తే రెండోది. ఇందులో గొప్ప విద్య ఏమీ లేదు. ఓపిక ఉంటే చాలు.

నేను ఆ రెండూ చేయలేదు. పోలీసు జీపులో తీసుకెళ్తున్నారని ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. మూత విప్పితే నూనె అంటుతుంది. పది చుట్లు తిప్పితే నాకూ మామూలు మేస్త్రీకీ తేడా ఏముంటుంది? ఒక్క చుట్టు చాలన్నాను. జాకీలు ఎత్తించి, షాఫ్టు పైభాగాన సుద్దతో గీత పెట్టి, వంగి చూస్తూ, చక్రం దగ్గరున్న కానిస్టేబులును తిప్పమన్నాను.

"ఎటు దిప్పాలె ఉస్తాద్?" అన్నాడతను.

"చక్రం గుండ్రంగనే ఉన్నది గద సార్. ఎటు దిప్పితేంది?"

అందరూ నవ్వారు. సర్వేయరు కూడా. నా నోటి దురద తీరింది. సుద్దగీత ఆరుసార్లు పైకి వచ్చింది. చివరికి పైనుంచి కొంచెం కుడిపక్కన ఆగింది. ఆరు చుట్లు, ఆపైన కొంచెం. "ఇది వేరే ఇరుసు సార్" అన్నాను. అక్కడితో ఆగి ఉండొచ్చు. "ఈ లారీ గంగారాంది గాదు" అని, ఎవరూ అడగని మాట కూడా కలిపాను.

బీమా పోయింది. పోలీసులు గంగారాంను తీసుకెళ్లారు. అసలు లారీ ఏది, అన్నలకు ఇచ్చావా అని నాలుగు రోజులు అడిగారు. ఎలా అడిగారో అతను ఎవరికీ చెప్పలేదు. బయటికి వచ్చాక కుడిచెయ్యి భుజం దాటి లేవలేదు.

వారం తర్వాత నా షెడ్డులోనే ఇంకో లారీ ఇరుసు చూస్తున్నాను. పనివాడు చక్రాన్ని వెనక్కి తిప్పాడు. సుద్దగీత ఆరుసార్లు పైకి వచ్చి, అదే కుడిపక్కన ఆగింది. మూత విప్పితే లోపల మొదటి రకం పళ్లు. ముందుకు తిప్పితే కుడిపక్క అంటే ఆరు దాటినట్టు. వెనక్కి తిప్పితే అదే కుడిపక్క, ఏడుకు కొంచెం ముందే ఆగినట్టు. మరి ఆ రోజు కానిస్టేబులు ఎటు తిప్పాడు? నేను చూడలేదు. జోకు వేసే పనిలో ఉన్నాను.

జాకీలు సంచిలో వేసుకుని బస్సెక్కాను. కాలిన లారీ ఇంకా రోడ్డు పక్కనే ఉంది. పక్క చేనులోని రైతు చక్రం పట్టాడు. పది చుట్లు. నేను పైకే లెక్కపెట్టాను. అరవై ఎనిమిది.

"ఏమైంది?" అన్నాడు రైతు.

"ఏం లేదు" అన్నాను.

అప్పటిదాకా జరిగింది పొరపాటు. ఆ "ఏం లేదు" దగ్గర్నుంచి అది పాపం. స్టేషనుకు ఎందుకు వెళ్లలేదు? మాట మారిస్తే, మార్చమని ఏ అన్న చెప్పాడని నన్నే కూర్చోబెడతారని భయం. అది నిజమైన భయమే, ఆ రోజుల్లో అలా కూర్చోబెట్టినవాళ్లు ఉన్నారు. కానీ నన్ను నేను ఎన్నిసార్లు విప్పి చూసుకున్నా ఆ భయం కింద ఇంకోటి కనిపిస్తుంది. ఒక్క చుట్టులో తేల్చిన ఉస్తాదు అని అప్పటికే జగిత్యాల దాకా పాకిన పేరు. దాన్ని వదులుకోలేకపోయాను. భయం నాకు మంచి మూతలా పనికొచ్చింది.

గంగారాం ఒకరోజు షెడ్డుకు వచ్చాడు. నేను అరవై ఎనిమిది లెక్కపెట్టి అప్పటికి పది రోజులైంది.

"ఉస్తాద్, ఒక్కపారి మల్ల దిప్పి సూడరాదు?"

"ఒకసారి చెప్పినంక మల్ల చెప్పుడు నా దగ్గర లేదు గంగారాం."

"నీ మీద కోపం లేదే. నువ్ చెప్పినకాంచి నాకే అనుమానమైతున్నది. కాలింది నా లారీయేనా, గాదా అని."

చాయ్ తెప్పించాను. ఎడమచేత్తో తాగి వెళ్లిపోయాడు.

మళ్లీ దుబాయి పోయాడు. ఆ చెయ్యితో స్టీరింగు పట్టలేడు కాబట్టి కాపలా పనికి. ముసలివాడై తిరిగొచ్చి, కొన్నేళ్లకు పోయాడు. దినానికి వెళ్లాను. అక్కడ కూడా నేను నోరు తెరిచింది తినడానికే. ఇరుసు చూడబోయి ఇరుకున పడ్డానని చెప్పుకుందామన్నా, పడింది నేను కాదు కదా.

జగిత్యాలలో లారీలవాళ్లు కూర్చునే చాయ్ హోటల్ ఒకటుంది. రాజయ్య అనే పాత డ్రైవరు అక్కడ నా కథ మొన్నమొన్నటిదాకా చెబుతుండేవాడు. దొంగ గంగారాం, ఒక్క చుట్టు ఉస్తాదు. నేను తలదించుకుని వినేవాణ్ణి. వాళ్లు దాన్ని వినయం అనుకునేవారు. పోయిన నెల రాజయ్య మళ్లీ ఎత్తుకున్నాడు. సగంలో ఆపాను.

"గా లారీ గంగారాందే రాజన్నా. నేనే తప్పు చెప్పిన. తర్వాత పోయి లెక్కవెట్టి గూడ చెప్పలే."

"ఊకో ఉస్తాద్, నీ పరాచికాలు" అని నవ్వారు. జోకులేసేవాడి నిజానికి ఆ మాత్రం విలువే ఉంటుంది. రెండోసారి చెప్పాల్సి వచ్చింది. మూడోసారి ఎవరూ నవ్వలేదు.

రాజయ్య గ్లాసు కింద పెట్టాడు. "మరి గంగారాం చెయ్యో?" అన్నాడు.

అతను లేచి వేరే బల్ల మీదికి పోయాడు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే పోయారు. గుండె తేలికైందంటే అబద్ధం. ఊపిరి మాత్రం కొంచెం లోపలిదాకా పోయింది.

నాలో కూర్చుని ఇన్నేళ్లూ ఆ పేరు మీద బతికిన ఒక్క చుట్టు ఉస్తాదు మీద నేను తీర్చుకున్న కక్ష ఇంతే. వాడి కథ చెప్పేవాళ్లు అక్కడ ఇక లేరు. మర్నాడు మళ్లీ అదే హోటలుకు వెళ్లాను. చాయ్ వచ్చింది, పలకరింపు రాలేదు. లేచి పోదామని నాలోని ఆ ఉస్తాదు తెగ తొందరపడ్డాడు. నేను లేవనివ్వలేదు. ఖాళీ బల్ల మీద వాణ్ణి కూర్చోబెట్టి, చల్లారిన చాయ్ చివరిదాకా తాగించాను.