రేడియో స్తంభానికి పందిరి

ఈ చేతులతో నేను మా చుట్టుపక్కల పల్లెలకు చేసిన మేలు ఏమిటని అడిగితే కాసేపు ఆలోచించుకోవాలి. చేసిన చెరుపు ఏమిటని అడిగితే ఆలోచన అక్కరలేదు. ఒకే మధ్యాహ్నం, ఒకే ఒక్క టార్పాలిన్‌తో రేడియోను మూగదాన్ని చేశాను, కరెంటు ఆర్పాను, సగం నలిగిన చట్నీలను మిక్సీల్లోనే నిలబెట్టాను, టమాటా తోటలకు పారుతున్న నీళ్ళను కాలువ మధ్యలోనే ఆపేశాను. గాలి తోడుపడిందన్న మాట నిజమే. కానీ గాలికి పని అప్పజెప్పింది నేను. దేవుడి దయవల్ల ఎవరి ఒంటి మీదా గీత పడలేదు. అందుకే దీన్ని నవ్వుతూ చెప్పగలుగుతున్నాను. నడుమ ఎక్కడైనా నా నవ్వు తడబడితే కాస్త ఓపిక పట్టండి.

హోసూరు నుంచి కృష్ణగిరి పోయే దారిలో, శూలగిరి ఇంకా రాకముందే లోపలికి తిరిగితే మా ఊరు. ఊరి బయట గుట్ట మీద చిన్న రేడియో కేంద్రం. ఒక గది, ఒక మైకు, ఒక కంప్యూటరు, బయట కొబ్బరిచెట్టంత ఇనుప స్తంభం. అది పలికితే చుట్టూ ఉన్న పల్లెలకు వినపడుతుంది, అంతే. మామిడి పూతకు ఏ మందు కొట్టాలి, డెంకణికోట అడవి నుంచి ఏనుగులు ఏ వైపు దిగాయి, ఇలాంటి సంగతులన్నీ తమిళంలో చెబుతారు. తెలుగుకు వారంలో ఒక సాయంత్రం. ఆ సాయంత్రాన్ని నా చేతిలో పెట్టారు. నేను బడి ముఖం చూసినదాన్ని కాదు. మా నాన్న వంటింటి గట్టు పక్కన కూర్చోబెట్టి అక్షరాలూ, నాలుగు పద్యాలూ నేర్పాడు. అంత చదువుకు మైకు ఇచ్చారంటే అది నా గొప్ప కాదు, ఇచ్చినవాళ్ళ మంచితనం. ఇప్పటికీ ఆ గదిలోకి చెప్పులు విడిచే పోతాను.

ఇక మా అవ్వ సంగతి. అమ్మను కన్న అవ్వ, పేరు నంజమ్మ, మా ఇంట్లోనే ఉంటుంది. ఆమెకు ఒక అక్క, అత్తిముగం అనే పక్క ఊళ్ళో. మాకు పెద్దవ్వ. అక్కాచెల్లెళ్ళిద్దరూ చిన్నప్పుడు తిరగలికి చెరో పక్క కూర్చుని రాగులు విసిరేవాళ్ళు. విసురుతూ పాడేవాళ్ళు. ఒక చరణం అక్కది, ఒక చరణం చెల్లెలిది. వాళ్ళమ్మ పోయాక ఆ తిరగలి ఎవరిదని పోట్లాట వచ్చింది. ఎంత పోట్లాడుకున్నారంటే, చివరికి కింద రాయి పెద్దవ్వ తీసుకుపోయింది, పై రాయి మా అవ్వ తెచ్చుకుంది. ఇద్దరికీ పిండి లేదు, పాట లేదు. "పిలవకుండా దాని గడప దాటను" అని మా అవ్వ ఒట్టు పెట్టుకుంది. "నేను పిలవను" అని పెద్దవ్వ ఒట్టు పెట్టుకుంది. పెండ్లిళ్ళు జరిగాయి, మనవలు పుట్టారు, ఒట్లు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇట్లా ఉండగా పెద్దవ్వ మంచాన పడింది. ఇక లేవదని డాక్టరు చెప్పేశాడు. ఆ రోజు నుంచి మా అవ్వ అన్నం పళ్ళెం ముందు కూర్చుని మెతుకులు కెలకడం మొదలుపెట్టింది.

"ఫోను చేసిస్తాను, మాట్లాడవ్వా" అన్నాను.

"ఫోనులో మాట్లాడితే నేను తగ్గినట్టు కాదా?"

"పోనీ రేడియోలో పాడు. రేడియో అందరికీ కదా పాడేది. అందులో నువ్వు తగ్గేదేముంది?"

అవ్వ పళ్ళెం పక్కకు నెట్టింది. "రేడియోకు గడప లేదు కదా" అంది మెల్లగా.

అట్లా అవ్వను గుట్ట మీదికి తీసుకుపోయాను. కేంద్రంలో యంత్రాలు చూసుకునే మురుగేశు గాజు పలక అవతల కూర్చున్నాడు. అవ్వ మైకు ముందు ఒక చరణం పాడి ఊరుకుంది. మురుగేశు చేతులు ఊపాడు.

"ఏమవ్వా, మరిచిపోయినావా?"

"నేనెందుకు మరిచిపోతాను? ఇది మా అక్క వంతు."

"మీ అక్క ఈడ లేదే!"

"ఆడ ఉండాది కదా. ఆడ నుంచి అంటాది. ఉండప్పా, దాన్ని ముగించనీ."

కళ్ళు మూసుకుని, అక్క చరణానికి పట్టేంత సేపూ పెదవులు కదిపి, అప్పుడు తన చరణం ఎత్తుకుంది. పాటంతా అట్లాగే, సగం పాట, సగం మౌనం. మురుగేశు తల పట్టుకుని నా వైపు తిరిగాడు.

"అక్కా, రేడియోలో ఊరికే ఉండకూడదు. స్టేషను పోయిందనుకుంటారు. ఆ సందులన్నీ కోసేస్తాను."

"కోస్తే మా అక్క యాడ పాడల్ల?" అంది అవ్వ లోపలి నుంచి. ముసలి చెవులకు వినపడదనుకున్నాం.

పాట వచ్చే సాయంత్రం ఖాయమైంది. అత్తిముగంలో పెద్దవ్వ కోడలికి కబురు చెప్పాను. పెద్దవ్వ దగ్గర బ్యాటరీ రేడియో ఉంది. ఏమీ అనలేదట, రేడియోను తలగడ పక్కకు జరిపించుకుందట. నాకు అంతకంటే ఏం కావాలి? ఇంత పుణ్యం కట్టుకుంటున్న స్తంభానికి కృతజ్ఞత చూపకపోతే ఎట్లా అనిపించింది. చూడండి, నా బుద్ధి అక్కడ ఆగి ఉంటే ఈ కథే లేదు.

పాట వచ్చే రోజు. చిత్తిర నెల, నడివేసవి ఎండ. స్తంభం కాళ్ళకు పసుపు రాశాను, బొట్లు పెట్టాను, నిమ్మకాయల దండ వేశాను. స్తంభాన్ని నాలుగు దిక్కులా లాగి పట్టుకునే స్టే వైర్లు ఉంటాయి. వాటిని భూమిలో దిగ్గొట్టిన ఇనుప గూటాలకు కట్టి ఉంటారు. ఆ గూటాల చుట్టూ బిందెల కొద్దీ పేడనీళ్ళు చల్లి, ముగ్గులు వేశాను. శుభ్రం అంటే నాకు కొంచెం ఎక్కువ. ఆ పిమ్మట, పాట వినడానికి వచ్చే అవ్వలకు నీడ ఉండాలని, మామిడికాయల లారీకి కప్పే పెద్ద టార్పాలిన్ ఒకటి అడిగి తెచ్చాను. కట్టడానికి గుంజలు లేవు. వైర్లు ఉన్నాయి.

"అక్కా, స్టే వైర్లకు ఏమీ కట్టద్దు. స్తంభం నిలబడేదే వాటి బలం మీద" అన్నాడు మురుగేశు.

"బలం ఉందనే కదప్పా కట్టేది!"

"స్తంభాన్ని చూడండి, అంతా సందులే. గాలి ఇట్లా వచ్చి అట్లా పోవాలనే ఆ మాదిరి చేసినారు. మీరు ఈ టార్పాలిన్ పట్టా కడితే గాలి యాడికి పోవల్ల?"

"ఆకు కదలడం లేదు. గాలి యాడుంది?"

"వస్తాదని చెబుతా ఉండారక్కా."

"దేవుడి పని చేస్తా ఉంటే దేవుడు చూసుకోడా?"

దేవుడు చూశాడు. తీరిగ్గా, మొదటి నుంచి చివరిదాకా చూశాడు.

మురుగేశు ఇక వాదించలేక పాట సిద్ధం చేయడానికి లోపలికి పోయాడు. అవ్వలందరూ పందిరి కింద చేరి "ఎంత చల్లగా ఉంది తల్లీ" అని నన్ను దీవిస్తుంటే, నేను ఆ టార్పాలిన్ కంటే ముందే ఉబ్బిపోయాను.

టార్పాలిన్ వంతు మధ్యాహ్నం తిరిగాక వచ్చింది. కృష్ణగిరి వైపు నుంచి ఎర్రటి దుమ్ము గోడ లేచింది. కింద తోటల్లో మామిడికాయలు దబదబా రాలుతున్నాయి. అవ్వలను గదిలోకి తరిమి వెనక్కి తిరిగేసరికి టార్పాలిన్ నూనెలో వేసిన పూరీలా పొంగింది. ఒక మూల తాడు పట్టుకుని వేలాడాను. నా బరువు మీద నాకు ఎప్పుడూ మంచి నమ్మకం. గాలికి ఆ నమ్మకం లేదు. నన్ను ముగ్గులో కూలేసింది.

"అక్కా! వదిలేసి రండి లోపలికి!" మురుగేశు అరిచాడు.

గది గడపలో పడేసరికి వెనక నుంచి చప్పుడు. నేను కడిగి కడిగి నానబెట్టిన నేలలోంచి గూటం ముల్లంగి దుంప వచ్చినట్టు వచ్చేసింది. స్తంభం ఒకసారి నిలబడి ఆలోచించుకుంది. తరువాత పెండ్లిలో పెద్దలకు వంగినట్టు మర్యాదగా వంగి, దండతో సహా పోయి కరెంటు తీగల మీద పడుకుంది. నీలం మంట లేచింది. గుట్ట కింద ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మంది. ఎక్కడెక్కడి మోటార్లో ఒక్కసారిగా ఊపిరి బిగబట్టినట్టు నిశ్శబ్దమైపోయాయి.

మురుగేశు వెనక్కి తిరిగాడు. చీకటైన కంప్యూటరు వైపు చూసి, "పాట దీంట్లోనే ఉంది అక్కా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

గాలి వెనకే వచ్చిన వాన వెలిశాక లైన్‌మన్ మునిరాజు బండి మీద వచ్చాడు. తీగలకు చుట్టుకున్న టార్పాలిన్‌నూ, నిమ్మకాయల దండనూ తేరిపార చూశాడు.

"ఎవరింటి పెండ్లి పందిరమ్మా ఇది?"

"పెండ్లి కాదప్పా. రేడియోకు పూజ."

"పూజ బాగా అయిందా?"

"అయింది."

"అయ్యుంటాది. హారతి మా ఆఫీసు దాకా కనపడింది." తల గోక్కున్నాడు. "ఊత్తంగరై దాకా స్తంభాలు పడినాయి. వాటినంతా గాలి పడగొట్టింది. ఇదొకటి నువ్వు. కరెంటు ఇప్పుడిప్పుడే రాదు తల్లీ, వరసలో మీది కడాకు."

అవ్వ గదిలో మూలన కూర్చుని ఉంది. "పాట వచ్చిందా?" అంది.

"లేదవ్వా."

"అది కాచుకొని ఉంటాదే, సుగుణా" అంది. నా పేరు అంత మెత్తగా అవ్వ నోట అంతకు ముందు వినలేదు.

కరెంటు లేక ఫోన్లు కూడా చచ్చిపడ్డాయి. మరునాడు పాలవ్యాను అతను అత్తిముగం నుంచి పెద్దవ్వ కోడలి కబురు మోసుకొచ్చాడు. పెద్దవ్వ రేడియోను గుండె మీద పెట్టుకుని ఉందట. అందులో గుర్రుమనే శబ్దం తప్ప ఏమీ లేదు, అయినా ఆపనీయడం లేదట. "నంజికి కోపం ఇంకా పోలేదు. చూడు ఎట్లా గుర్రుమంటా ఉండాదో" అని కోడలితో అందట. ఆ మాట అన్నాక మాట పడిపోయిందట.

అవ్వ లేచి నిలబడింది. "బండి పిలిపించు."

"ఒట్టో అవ్వా?"

"గడప దాటనన్నాను. నన్ను ఎవరన్నా మోసుకొని పోతే నేను దాటినట్టా?"

అట్లా టెంపోలో అవ్వ, అవ్వతో ఒక ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీ మోయడానికి మా ఆయన, మురుగేశు, వాళ్ళ వెనక నేను. రోడ్డు మీద పడిన చింతకొమ్మలు తప్పించుకుంటూ అత్తిముగం చేరాం. కుర్చీలో కూర్చున్న అవ్వను ఇద్దరూ ఎత్తి గడప మీదుగా లోపలికి తీసుకుపోతుంటే ఊరంతా వాకిట్లో నిలబడి చూసింది.

"కిందికి వంచండప్పా, నా తల కొట్టేరు!"

"కాళ్ళు ముడుచుకో అవ్వా!"

"ముడిస్తే గడపకు తగులుతాయిరా, తగిలితే ఒట్టు పోతాది!"

లోపల మంచం పక్కన దించగానే అక్కతో మొదట అన్న మాట, "నేను రాలేదమ్మో, వీళ్ళు తెచ్చినారు."

పెద్దవ్వ కళ్ళు తెరిచింది. మాట లేదు. గుండె మీద రేడియో గుర్రుమంటూనే ఉంది. అవ్వ ఆమె చెవి దగ్గరికి వంగి తన చరణం పాడింది. ఆగింది. ఆ ఆగినచోట, దుప్పటి మీద పెద్దవ్వ కుడిచేయి మెల్లగా గుండ్రంగా తిరిగింది, తిరగలి పిడి పట్టుకున్నట్టు.

"అటు కాదే, ఇటు తిప్పల్ల" అంది అవ్వ. "చిన్నప్పటి నుంచీ నీతో ఇదే తంటా." అని ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని, తానే తిప్పుతూ, పాటంతా పాడింది. అక్క వంతు వచ్చినప్పుడల్లా ఆగింది. కోడలు రేడియో ఆపబోతే వద్దని తల ఊపింది.

ఆ వారం దాటకుండానే పెద్దవ్వ పోయింది. ఆ కాస్త సమయమైనా దొరికినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. ఇంకొంచెం ముందే దొరకాల్సిన సమయాన్ని నా పందిరి మింగేసిందని కూడా ఆయనకే చెప్పుకున్నాను. గొంతు ఉండగా పెద్దవ్వ తన వంతు పాడి ఉండేది.

కరెంటు వచ్చింది. ఊరివాళ్ళే తలో చేయి వేసి స్తంభాన్ని నిలబెట్టారు. ఒక్కరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు, గూటాల దగ్గరికి మాత్రం రానీయలేదు. మురుగేశు అవ్వ దగ్గరికి వచ్చి నేల చూస్తూ నిలబడ్డాడు.

"పాట వేసేదా అవ్వా?"

"వెయ్యి."

"ఆ సందులు... ఇప్పుడన్నా కోసేదా?"

"ఎందుకప్పా? అది పాడేది నీకు వినపడకపోతే నేనేం చేసేది?"

ఆ సాయంత్రం అవ్వా నేనూ గుట్ట మీది గదిలో కూర్చుని ఉండగా పాట వచ్చింది. అవ్వ చరణం, తరువాత మౌనం. అవ్వ చరణం, తరువాత మౌనం. మౌనం వచ్చినప్పుడల్లా పల్లెపల్లెనా జనం రేడియోల నెత్తిన మొట్టారట, బ్యాటరీలు తీసి, తుడిచి మళ్ళీ వేశారట. కేంద్రం ఫోను మోగుతూనే ఉంది. పాట సగంలో ఉండగా గుట్ట మీదికి ఒక బండి రొప్పుతూ ఎక్కి వచ్చింది. మునిరాజు. స్తంభాన్ని కింది నుంచి పై దాకా చూసి, హెల్మెట్ కూడా తీయకుండా తలుపు తోసుకొచ్చి గట్టిగా కేక వేశాడు.

"ఏమ్మా! ఈసారి ఏం కట్టినావు?"

అవ్వ వేలెత్తి పెదవుల మీద పెట్టుకుంది.

"ఉష్! అరవద్దప్పా. మా అక్క పాడతా ఉండాది."

మునిరాజు హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని, పెద్దవ్వ వంతు అయ్యేదాకా కదలకుండా నిలబడ్డాడు.

కాబట్టి, ఇది చదువుతున్న మీ అందరి ఎదుటా, పంచభూతాలు సాక్షిగా, వాటిలో వాయువు ముఖ్య సాక్షిగా, ప్రతిజ్ఞ చేస్తున్నాను. నా కంటే ఎత్తయిన దేన్నీ ఈ జన్మలో ఇక అలంకరించను. కృతజ్ఞత చెప్పుకోవలసి వస్తే దూరంగా నిలబడి, రెండు చేతులూ జోడించి, తాడు లేకుండా చెప్పుకుంటాను.